తొమ్మిదో చార్టు

పన్నెండు చార్టులు పన్నెండు కవర్లలో వచ్చాయి. కవర్ల మీద పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. పదమూడో కవరు అంటించి ఉంది. ఏ చార్టు ఎవరిదో, ఆ మనిషి చెప్పింది నిజమో అబద్ధమో తర్వాత ఎలా బయటపడిందో అందులో రాసి ఉంది.

కవర్లు తెచ్చింది త్రిమూర్తులు గారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై నరసాపురం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో సెక్యూరిటీ చూస్తున్నారు. కంపెనీకి నాలుగు ప్లాంట్లు. సరుకు పోయినప్పుడల్లా, అనుమానం ఉన్నవాళ్ళ చేత పరీక్షకి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకుని రాజమండ్రి పంపుతారు. దానవాయిపేటలో ఒక మేడ మీద సుధాకర్ పాలిగ్రాఫ్ కేంద్రం నడుపుతున్నాడు. ఆరేళ్ళుగా ఆ కంపెనీకి వెళ్ళే ప్రతి రిపోర్టు కిందా సుధాకర్ సంతకమే ఉంది.

ఇకమీదట ఆ సంతకం సుధాకర్‌దా, అతని భార్య పావనిదా అన్నది కంపెనీ తేల్చమంటోంది.

"నా బుర్రలో పుట్టింది కాదండి బాబూ, ఎం.డి. గారిది," అన్నారు త్రిమూర్తులు గారు. "మేడం గారి పద్ధతి వేరంట కదా, అందులో ‘తేలలేదు’ అనేవి తక్కువంట కదా అన్నారు. ఇవన్నీ పాత చార్టులు, సంగతి తేలిపోయినవి. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేయండి. సంసారంలో పోటీ పెట్టానని నన్ను తిట్టుకోకండి."

"తిట్టుకోవడం ఎందుకండీ. భోంచేసి వెళ్ళండి," అంది పావని.

"వెళ్తానండి, పులుసు వాసన వస్తోంది. ఒక్క షరతు మాత్రం ముందే చెప్తున్నా. ఏ తప్పూ చెయ్యనోణ్ణి దొంగ అన్న స్కోరు ఒక్కటి కనపడినా ఆ పద్ధతి మాకొద్దు. ఇద్దరికీ అలాంటిది వచ్చిందనుకోండి, ఇక గొడవ లేదు, పాత ఏర్పాటే."

పాత ఏర్పాటు అంటే సుధాకర్.

పెళ్ళయి పదిహేడేళ్ళు. అందులో పన్నెండేళ్ళు పావని ఆ కేంద్రంలో రిపోర్టులు టైపు చేసింది. చేతికి గాలి పట్టీ ఎంత బిగించాలో, వేళ్ళకు ప్లేట్లు ఎలా తొడగాలో నేర్పింది సుధాకరే. రెండేళ్ళ క్రితం కోర్సుకి వెళ్తానంటే దరఖాస్తు తనే నింపాడు. పది వారాల తర్వాత ఆమె సర్టిఫికెట్ తెస్తే ఫ్రేము కట్టించి తన సర్టిఫికెట్ పక్కన మేకు కొట్టింది కూడా తనే. కొట్టాక టేపు పెట్టి కొలిచాడు. ఆమెది రెండు సెంటీమీటర్లు పైన ఉంది. మేకు పీకి దించి కొట్టాడు.

పాలిగ్రాఫ్ గీసేది మూడు గీతలు. ఊపిరికి ఒకటి, వేళ్ళ చెమటకి ఒకటి, రక్తపోటుకి ఒకటి. అడిగే ప్రశ్నలు కూడా మూడు రకాలు. ‘ఆ పెట్టెలు నువ్వు బయటికి పంపావా?’ అనేది అసలు ప్రశ్న. ‘ఈ ఉద్యోగానికి ముందు ఎప్పుడైనా నీది కానిది తీసుకున్నావా?’ అనేది పోలిక ప్రశ్న. దానికి లేదు అనడం ఎవరికైనా కొంత ఇబ్బందే. ‘ఇవాళ బుధవారమేనా?’ అనేది ఉత్త ప్రశ్న. మధ్యలో మనిషి కుదుటపడడానికి వేస్తారు, దానికి మార్కులుండవు. పోలిక ప్రశ్న కంటే అసలు ప్రశ్నకి గీత ఎక్కువ కదిలితే మైనస్, తక్కువ కదిలితే ప్లస్. అన్నీ కూడితే వచ్చేది స్కోరు, మైనస్ అయితే అబద్ధం, ప్లస్ అయితే నిజం.

ఇంతవరకు భార్యాభర్తలిద్దరిదీ ఒకటే దారి. ఎంత వేయాలన్న దగ్గర విడిపోతారు. గీతల తేడా కొంచెమైతే ఒకటి, స్పష్టంగా ఉంటే రెండు, బాగా ఎక్కువైతే మూడు వేస్తాడు సుధాకర్. ఏది కొంచెమో ఏది ఎక్కువో చూసే కన్ను చెప్పాలి. ఆ కన్ను రావడానికి తనకి ఎనిమిదేళ్ళు పట్టిందని ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలకి చెప్పేవాడు. పావని పద్ధతిలో ఆ కన్నుతో పని లేదు. రెంటిలో ఏది పెద్దదో చూస్తుంది. చెమట గీతకి రెండు, మిగిలినవాటికి ఒకటి, అంతే. సుధాకర్ లెక్కలో అటైనా ఇటైనా ఆరు దాకా వెళ్ళాలి, లేకపోతే ‘తేలలేదు’ అని రాస్తాడు. పావనికి మైనస్ నాలుగు, ప్లస్ రెండు చాలు.

శనివారం పొద్దున్న రెండు బల్లల మీద కూర్చున్నారు. సుధాకర్‌కి చార్టుకి యాభై నిమిషాలు పడుతోంది. పావని బల్ల నుంచి పాతిక నిమిషాలకోసారి కవరు మారుతున్న చప్పుడు వస్తోంది. అతను తల ఎత్తకుండా ఆ చప్పుళ్ళు లెక్కపెట్టాడు. తను మూడోది ముగించేసరికి ఆమె ఏడోది మొదలుపెట్టింది.

"అన్నం పెట్టొస్తాను," అని లేచింది. లేస్తూ కాగితం బోర్లించింది.

పన్నెండేళ్ళలో ఆమె అతని దగ్గర ఏ కాగితమూ బోర్లించలేదు. కుక్కర్ మూత పెట్టిన చప్పుడు వినపడ్డాక సుధాకర్ ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం తిప్పాడు. మార్కులు చదవలేదు, కూడికలు చూశాడు. ఆరు చార్టులవీ మళ్ళీ కూడాడు. ఎక్కడా తప్పు లేదు. కాగితం ఉన్నట్టే బోర్లించి తన కుర్చీలోకి వచ్చాడు. తన అంకె ఏదీ మార్చలేదు. మార్చలేదని రెండుసార్లు అనుకున్నాడు.

సోమవారం త్రిమూర్తులు గారు వచ్చి పదమూడో కవరు చించారు. పన్నెండింటిలో సుధాకర్ సరిగ్గా చెప్పినవి ఆరు, తేలలేదన్నవి ఐదు, తప్పు ఒకటి. పావని సరిగ్గా చెప్పినవి పది, తేలనిది ఒకటి, తప్పు ఒకటి.

ఇద్దరి తప్పూ ఒకటే చార్టు.

"ఇద్దరూ తొమ్మిది దగ్గరే మునిగారండి," అన్నారు త్రిమూర్తులు గారు. "వీరబాబు అని, కోల్డ్ స్టోరేజీలో లోడింగు కుర్రాడు. పదకొండు పెట్టెలు పోయాయి. మీ రిపోర్టు చూసి తీసేశారు. ఎనిమిది నెలలకి లారీ డ్రైవరు దొరికి, సూపర్‌వైజరు పేరు చెప్పాడు. వీడికి ఆ గొడవే తెలీదు. ఇప్పుడు నరసాపురం రేవులో పంటు మీద పని చేస్తున్నాడు."

సుధాకర్ ఆ రోజు వేసింది మైనస్ తొమ్మిది. ఇప్పుడు పేరు లేకుండా చూసి వేసిందీ మైనస్ తొమ్మిదే. పావని వేసింది మైనస్ పదకొండు.

"మరైతే పాత ఏర్పాటే అంటారా?" అని అడిగాడు సుధాకర్.

"షరతు ప్రకారం అంతే కదండి. ఇద్దరూ సంతకాలు పెట్టి వచ్చే సోమవారానికి రిపోర్టు పంపండి, ఫైల్లో పెట్టేస్తాను."

ఆయన వెళ్ళాక సుధాకర్ రెండోసారి కూర వేయించుకున్నాడు.

"మైనస్ పదకొండా?"

"అవునండి."

"నేనూ తప్పే అనుకో. కానీ మరీ పదకొండు..."

"చార్టులో ఎంతుంటే అంతే వేశానండి. మజ్జిగ పోయనా?"

మంగళవారం పావని పాలకొల్లులో పిన్నిగారింటికని వెళ్ళి సాయంత్రానికి వచ్చింది. బుధ, గురువారాలు సుధాకర్ రిపోర్టు రాశాడు. పన్నెండుకి పది, పన్నెండుకి ఆరు అన్న అంకెలు ఎలా రాసినా అలాగే కనిపిస్తున్నాయి. త్వరపడే పద్ధతి తప్పినప్పుడు ఎక్కువ తప్పుతుంది అని ఒక వాక్యం రాశాడు. దానికి రుజువు కావాలి. ఆ పదకొండులో రెండు ఎక్కడ ఎక్కువ పడ్డాయో పట్టుకోవాలని శుక్రవారం వీరబాబు వీడియో తీశాడు.

వీడియోలో ముందు మాటలున్నాయి. మిషను తగిలించక ముందు ప్రశ్నలన్నీ ఒకసారి మనిషికి చెప్పి ఒప్పించాలి, అది పద్ధతి. "ఒరే అబ్బాయ్, భయపడకు, టీ తాగు," అంటున్నాడు సుధాకర్. "నువ్వు చేశావా లేదా అని అడుగుతాను, ఉన్నది చెప్పు." వీరబాబు నవ్వాడు. తర్వాత పట్టీలు కట్టారు. సుధాకర్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కంపెనీ లా ఆఫీసరు ఆ కేసుకి ప్రశ్నలు టైపు చేయించి పంపాడు, ఉన్నది ఉన్నట్టు చదవమన్నాడు. మిగిలిన ఏ కేసుకీ అలా పంపలేదు.

"మీరు ఆ పెట్టెలు బయటికి పంపారా?"

"లేదండి."

"ఈ ఉద్యోగానికి ముందు ఎప్పుడైనా నీది కానిది తీసుకున్నావా?"

"లేదండి."

సుధాకర్ వీడియో ఆపి చార్టు పక్కన పెట్టుకున్నాడు. చెమట గీత అసలు ప్రశ్నకి లేచింది. ఎక్కడ లేచిందో పెన్సిలుతో గుర్తు పెట్టాడు. పెట్టెలు అన్న మాటకి ముందే లేచింది. రెండో అసలు ప్రశ్నకీ అంతే, మూడోదానికీ అంతే.

లా ఆఫీసరు టైపు చేయించినవి నాలుగే, పోలిక ప్రశ్నలు ఎప్పటిలా సుధాకర్‌వి. మూడు అసలు ప్రశ్నలు, ఒక ఉత్త ప్రశ్న: "మీరు ఇప్పుడు రాజమండ్రిలో ఉన్నారా?" దానికి మార్కులు లేవు కాబట్టి ఏ పద్ధతిలోనూ ఎవరూ అటు చూడరు. సుధాకర్ చూశాడు. అక్కడా గీత లేచింది, పెట్టెల ప్రశ్నకి ఎంత లేచిందో అంతే. ప్రశ్నలన్నీ మూడు విడతలు అడిగాడు, మూడింటిలోనూ లేచింది. తను సొంతంగా వేసిన ఉత్త ప్రశ్న "నీ పేరు వీరబాబేనా?" దగ్గర గీత పడుకునే ఉంది.

రాజమండ్రిలో కూర్చుని రాజమండ్రిలో ఉన్నానని చెప్పడానికి ఎవరూ అబద్ధమాడరు.

పావని మార్కుల్లో తప్పు లేదు. తన మార్కుల్లోనూ లేదు. ఆ చార్టుకి ఎవరు మార్కులు వేసినా దొంగే వస్తాడు. పాడైంది ప్రశ్నలు, అడిగింది తను. ఈ సంగతి రాస్తే తొమ్మిదో చార్టు లెక్కలోంచి పోతుంది. అది పోతే పావనికి పదకొండుకి పది, తప్పు ఒక్కటీ ఉండదు. సంతకం ఆమెది అవుతుంది. రాయకపోతే తనదే ఉంటుంది.

శనివారం పొద్దున్నే బయల్దేరాడు. "భీమవరం దాకా వెళ్ళొస్తాను, మిషను కేబుల్ ఒకటి చూడాలి."

"టిఫిను తిని వెళ్ళండి," అంది పావని.

నరసాపురం రేవులో వీరబాబు గోదావరి దాటించే పంటు మీదికి బైకులు ఎక్కిస్తున్నాడు. భార్య రాణి ఒడ్డున గోనె పరిచి ఎండుచేపలు అమ్ముతోంది. పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళి వచ్చేదాకా సుధాకర్ ఆగాడు.

"నన్ను గుర్తుపట్టావా... పట్టారా?"

"ఎందుకు పట్టనండి. చేతికి గాలి పట్టీ కట్టింది తమరే కదండి."

"ఆ రోజు నేను అడిగినవాటిలో ఏదైనా తేడాగా అనిపించిందా?"

"మేడం గారూ ఇదే అడిగారండి."

"ఏ మేడం?"

"ఇదిగో," అంది రాణి గోనె దగ్గర్నుంచి. "చెప్పొద్దన్నారు కదయ్యా ఆవిడ!"

"మర్చిపోయానే. మంగళారం వచ్చారండి. సార్ గారు వస్తే అప్పుడు మీరే చెప్పండి, నేను వచ్చినట్టు మాత్రం అనొద్దు అన్నారండి. ఆవిడ కూడా మీరు మీరు అంటుంటే నాకు మళ్ళీ చెమట పట్టేసింది."

"మీరు అంటే చెమట ఎందుకు?"

"మా ప్లాంటులో నువ్వు అన్నంతకాలం భయం లేదండి. మా అన్న బుల్లియ్యని తొమ్మిదేళ్ళు ఒరే అనే పిలిచారు. ఓ రోజు మేనేజర్ గారు లోపలికి పిలిచి, బుల్లియ్య గారూ, మీరు కూర్చోండి అన్నారంట. అంతేనండి. కూర్చోబెట్టి పంపేశారు. తమరూ అంతే కదండి. ముందు గదిలో ఒరే అబ్బాయ్ అని టీ ఇచ్చారు. మిషను పెట్టాక మీరు అన్నారు. ఇంకేముంది, తేల్చేశారు అనుకున్నాను."

"ఇంట్లో నాకు కోపమొస్తే నేనూ మీరు అంటానండి," అంది రాణి. "ఆ పూట అన్నం సయించదు ఈ మహానుభావుడికి."

వీరబాబు నవ్వలేదు. "నాకో కాగితం ఇప్పించగలరాండి? భీమవరంలో రెండు ప్లాంట్లలో అడిగాను. మిషనుకి దొరికినోడు అంటన్నారు."

"చూస్తాను," అన్నాడు సుధాకర్.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. తణుకు వచ్చేదాకా వీరబాబు గురించి ఆలోచించాలని చూశాడు. ఆలోచన పావని దగ్గరికే పోతోంది. కవరు చించింది సోమవారం. మంగళవారం పొద్దున్నకల్లా ఆమె నరసాపురం రైలెక్కింది. అంటే సోమవారం మధ్యాహ్నం, తను భోంచేసి పడుకున్న గంటలో వీడియో చూసింది. తనకి శుక్రవారం దాకా పట్టింది. అదీ ఆమె తప్పు వెతకబోతే దొరికింది. ఆమె ఏం వెతికి ఉంటుంది?

ఇంటికి వచ్చేసరికి నాలుగైంది. పావని వరండాలో బట్టలు మడత పెడుతోంది.

"నరసాపురం ఎందుకు వెళ్ళావు?"

"మీరు భీమవరం ఎందుకు వెళ్ళారు?"

సుధాకర్ కుర్చీ లాక్కున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనండీ? మీరు ప్రశ్నలు తప్పు అడిగారు, నా మార్కులు సరిగ్గా ఉన్నాయి, కాబట్టి మీరు లేవండి నేను కూర్చుంటాను అనా?"

"అంతే కదా నిజం."

"నిజమే. చెప్తే ఏమయ్యేది? మీ ముఖం ఎన్నాళ్ళు చూడాలి నేను? సర్టిఫికెట్ రెండు సెంటీమీటర్లు పైన ఉందని మేకు పీకిన మనిషి మీరు."

"అది... తిన్నగా లేదని..."

"తిన్నగానే ఉందండి. నేనూ కొలిచాను."

ఆమె చొక్కా ఒకటి దులిపి మడిచింది.

"అంటే నాకు వదిలేశావన్నమాట," అన్నాడు.

"వదిలేశాననే అనుకోండి. వీరబాబుకి కాగితం మాత్రం ఎలాగోలా ఇప్పిద్దామనుకున్నాను. విడిగా, త్రిమూర్తులు గారితో మాట్లాడి."

"వదిలెయ్యమని నిన్నెవరు అడిగారు?"

"పన్నెండేళ్ళు మీ రిపోర్టులు టైపు చేశాను. ఎవరడిగారని అప్పుడు అనలేదేం?"

ఆమె బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

సుధాకర్ ఆఫీసు గదిలో కూర్చున్నాడు. బల్ల మీద రాసిన రిపోర్టు ఉంది. దాన్ని అలాగే పంపొచ్చు. పావని సంతకం పెడుతుంది, అభ్యంతరం చెప్పదు. రేపట్నుంచి ప్రతి రిపోర్టు కిందా తను సంతకం పెడుతుంటే ఆమె టీ తెచ్చి పక్కన పెడుతుంది. అది ఆమె ఇచ్చిన సంతకం, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని తనకి తెలుసు. కన్ను ఆమెకి ఉంది, వేగం ఉంది, పదకొండుకి పది ఉన్నాయి. ఇప్పుడు ఇచ్చేసే పెద్ద మనసు కూడా ఆమెకే ఉంటే తనకింక ఏం మిగిలినట్టు? ఓడిపోవడం ఎలా ఉంటుందో వారం రోజులుగా ఊహించుకుంటూనే ఉన్నాడు. అది భరించొచ్చు అనిపించింది. ఇది భరించలేడు.

పాత కాగితం చించి కొత్తది మొదలుపెట్టాడు. తొమ్మిదో చార్టుకి ఏ పద్ధతిలోనూ మార్కులు వేయకూడదని రాశాడు. పోలిక ప్రశ్నలు నువ్వు అని, అసలు ప్రశ్నలు మీరు అని అడిగారని, అడిగింది తనేనని రాశాడు. మార్కుల్లేని ఉత్త ప్రశ్నకి గీత ఎంత లేచిందో మిల్లీమీటర్లలో మూడు విడతలకీ ఇచ్చాడు. రెండో పేజీలో వీరబాబు మీద ఇచ్చిన పాత రిపోర్టును ఉపసంహరించుకుంటున్నానని, ఆ మాట అతనికి రాతపూర్వకంగా ఇవ్వాలని రాశాడు. రాసింది వీరబాబు గురించే. రాయించింది వీరబాబు కాదు. చివర ‘పరిశీలనలో తేలింది’ అని ముగించి సంతకం పెట్టాడు. పావనికి ఇచ్చాడు. ఆమె రెండు పేజీలూ చదివి, అతని ముఖం చూసి, కింద సంతకం పెట్టింది.

సోమవారం పదకొండింటికి త్రిమూర్తులు గారు ఫోన్ చేశారు. పావని అక్కడే ఉంది. గోరుచిక్కుడు కాయలకి ఈనెలు తీస్తోంది. సుధాకర్ ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"రిపోర్టు చదివానండి. తొమ్మిదోది తీసేస్తే మేడం గారికి తప్పే లేదన్నమాట."

"లేదండి."

"మీకూ లేదు. కాకపోతే మీకు తేలనివి ఐదు."

"అవునండి. ఐదు."

"ఎం.డి. గారు ఇది చూస్తే ఏమంటారో మీకు తెలుసు కదా?"

"తెలుసండి."

"వీరబాబు కాగితం నేను చూసుకుంటాను. ఒక్కటి అర్థం కాలేదండి. పరిశీలనలో తేలింది అని రాశారు. ఎవరి పరిశీలన? ఇలాంటిది పట్టుకున్నది ఎవరో నాకు కావాలి, పై వాళ్ళు అడుగుతారు."

పావని చేతిలో కాయ ఆగింది. వద్దన్నట్టు తల ఊపింది. సుధాకర్ ఆమె తల ఊపడం చూశాడు. నేనే అంటే సరిపోతుంది. ఆమె కాదనదు. ఈ ఒక్కటి కూడా ఆమే ఇస్తోంది.

"పావని," అన్నాడు. "నేను తర్వాత."

"ఎంత తర్వాత?"

"నాలుగు రోజులు."

ఫోన్లో కలం రాస్తున్న చప్పుడు వినపడింది.

"మూడేనండి," అంది పావని ఫోన్ వైపు వంగి. "నేను నరసాపురం వెళ్ళింది మంగళవారం, ఆయన వీడియో చూసింది శుక్రవారం."

"నువ్వు సోమవారం చూశావు," అన్నాడు సుధాకర్. ఫోన్ తన వైపు లాక్కున్నాడు. "నాలుగండి. నాలుగనే రాసుకోండి."